గోముఖానికి దారి: పాత పటాల్లో, యాత్రా రచనల్లో భాగీరథి



ఏ మాస్టారి జ్ఞాపకార్థం ఈ ధర్మనిధి ఏర్పడిందో ఆయన బతికినంతకాలం పిల్లలకు భూగోళం చెప్పారు. అందుకే ఈ ఏడు ఉపన్యాసానికి ఒక నదిని ఎంచుకున్నాను. నది అంటున్నానుగానీ, నేను మాట్లాడబోయే చోట అది నది కాదు, కొండవాగు. 1817 మే 31న ఇద్దరు సర్వే అధికారులు దాని వెడల్పు కొలిస్తే సగటున 27 అడుగులు వచ్చింది. బాగా లోతున్న చోట 18 అంగుళాలు, అంటే మోకాటి లోతు. మన ఊళ్ళలో ఎడ్లబండి ఆగకుండా దాటిపోయే వాగు ఎంతుంటుందో అంతే. ఆ వాగు భాగీరథి. దేవప్రయాగలో అలకనందతో కలిసిన దగ్గర్నుంచి దానికి గంగ అని పేరు.

ఇది ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు యూరప్‌లో అచ్చయిన పటాలు 75 ఏళ్ళకు పైగా తప్పు జవాబు చెప్పాయి. ఆ పటాలు గీసినవాళ్ళు సామాన్యులు కారు. ఆ కాలానికి వాళ్ళను మించిన పటకారులు లేరు. అయినా తప్పింది. తప్పు ఎట్లా మొదలైంది, ఎట్లా నిలబడింది, ఎవరు నడిస్తే దిద్దుబాటు జరిగింది అన్నదే ఇవాళ్టి నా విషయం. చదివినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ వాగును తెలుసుకున్నది ఏ ఒక్కరూ కాదు. దిక్సూచి పట్టుకున్నవాడూ, దారి తెలిసినవాడూ పక్కపక్కన నడిచిన రోజునే పటం సరయింది. ఇద్దరిలో ఒకడి పేరే పటం మీద మిగిలింది.

మొదట ఒక పాదిరీ కథ. ఆంటోనియో ద ఆంద్రాదె పోర్చుగీసు జెసూయిట్. 1624లో ఆగ్రా నుంచి బయల్దేరి, మాన్యుయెల్ మార్కెష్ అనే సహచరుడితో, హిందువుల వేషంలో, బదరీనాథ్ వెళ్ళే యాత్రికుల గుంపులో కలిసిపోయాడు. గఢ్వాల్‌లోని శ్రీనగర్ మీదుగా బదరీ చేరి, అక్కడి నుంచి మానా కనుమ దాటి టిబెట్‌లోని ఛాపరాంగ్‌కు వెళ్ళాడు. ఆ ప్రయాణం మీద అతను రాసిన ఉత్తరం 1626లో లిస్బన్‌లో అచ్చయింది. అందులో కొండగట్ల అంచున, అడుగున ఏరు ఘోషిస్తుండగా చేసిన నడక ఉంది, ఏటి మీద గడ్డకట్టి వంతెనగా నిలిచిన మంచు ఉంది. కనుమ నెత్తిన ఒక కొలను కనిపించిందని, గంగ అందులోంచే వస్తుందని కూడా రాశాడు. అతను చూసినది అలకనంద వైపు నీరు. అది భాగీరథి పుట్టుక కాదు. కానీ ఈ మనిషి అక్కడిదాకా నడిచాడు. చూసింది చూసినట్టు రాశాడు. ఆ మాటకు విలువ ఇవ్వాలి.

తరువాతి అధ్యాయం పెకింగ్‌లో మొదలవుతుంది. చీనా చక్రవర్తి కాంగ్‌షీ తన సామ్రాజ్యమంతా కొలిపించి పటం గీయించాలనుకున్నాడు. ఆ పని జెసూయిట్లకు అప్పగించాడు. టిబెట్‌లోకి పాదిరీలు వెళ్ళలేరు కనుక, లెక్కలూ కొలతలూ నేర్పి ఇద్దరు లామాలను పంపించారు. గంగ పుట్టుకదాకా వెళ్ళి చూసి రండని వాళ్ళకు ఆజ్ఞ. వాళ్ళు కైలాసం ప్రాంతందాకా వెళ్ళారు. సరిగ్గా ఆ సమయంలో, 1717లో, జుంగార్ సైన్యం టిబెట్ మీద పడింది. ప్రాణాలు దక్కించుకుని లామాలు తిరుగుముఖం పట్టారు. కైలాసానికి పడమట ఏముందో అక్కడి మఠాలవాళ్ళను అడిగి, విన్నది విన్నట్టు పటంలో వేశారు. కైలాసం పక్క సరస్సుల దగ్గర మొదలై పడమటికి సాగే ఒక ఏరును గంగ అనుకున్నారు. నిజానికి అది సట్లెజ్.

ఇంతవరకూ లామాలను తప్పుపట్టడానికి ఏమీ లేదు. యుద్ధం మధ్యలో చిక్కుకున్న మనుషులు. వాళ్ళ తరువాత జరిగిందే నన్ను ఆలోచింపజేస్తుంది. ఆ పటం పారిస్ చేరింది. దాన్విల్ అనే మహా పటకారుడు 1733లో దాన్ని తన టిబెట్ పటంగా మలిచాడు. ఆ పటంతోనే 1735లో దు హాల్డ్ చీనా గ్రంథం వెలువడింది. విన్నమాట మీద గీసిన గీతకూ, కొలిచి గీసిన గీతకూ తేడా అచ్చులో కనిపించదు కదా, రెండూ ఒకే నల్లటి సిరాతో దిగుతాయి. అక్కడి నుంచి అది జేమ్స్ రెనెల్ చేతికొచ్చింది. రెనెల్ బెంగాల్ తొలి సర్వేయరు జనరల్. 1764 నుంచి ఏళ్ళతరబడి గంగా బ్రహ్మపుత్రల దిగువ భాగాన్ని పడవల్లో తిరిగి, ఎండలో వానలో కొలిచిన మనిషి. దిగువ గంగను అతనంత బాగా ఎరిగిన యూరోపియన్ అప్పటికి ఎవరూ లేరు. అయినా 1782 నాటి అతని హిందూస్థాన్ పటంలో గంగ కైలాసం దగ్గరి సరస్సుల్లో పుట్టి, వందల మైళ్ళు పడమటికి ప్రవహించి, దక్షిణానికి మళ్ళి, హిమాలయాన్ని చీల్చుకుని గోముఖం అనే గుహలోంచి ఇవతలికి వస్తుంది.

ఆ పటాన్ని ఎవరైనా దగ్గరగా పెట్టుకుని చూడండి. బెంగాల్ వైపు ప్రతి మలుపూ, ప్రతి లంకా, ప్రతి రేవూ కిక్కిరిసి ఉంటాయి. హరిద్వారం దాటి పైకి వెళ్ళేకొద్దీ పేర్లు పలచబడతాయి. హిమాలయానికి అవతల మళ్ళీ ఒక పొడవాటి నది నిబ్బరంగా కనిపిస్తుంది. అసలు తెలియని భాగమే పటంలో అన్నిటికంటే నిస్సందేహంగా ఉన్నట్టు తోస్తుంది. రెనెల్ లాంటి జాగ్రత్తపరుడు దీన్ని ఎందుకు నమ్మాడు? నాకు తోచే కారణం ఒకటే. మైదానంలోకి దిగేసరికే అంత నీరు మోసుకొచ్చే నదికి పుట్టిల్లు ఎంతో దూరాన ఉండితీరాలన్న ఊహ. హిమాలయం ఇవతలి ముఖం మీదనే, ఆ మంచులోనే అంత నీరుందని దిగువ నుంచి చూసేవాళ్ళకు అందలేదు.

మరి కొండల్లో ఉన్నవాళ్ళకు? గంగోత్రికి యాత్రికులు పోతూనే ఉన్నారు. పండాలు, సాధువులు, కావిళ్ళలో గంగాజలం దిగువకు మోసుకొచ్చేవాళ్ళు ఆ దారిన నడుస్తూనే ఉన్నారు. వాగు ఇంకా పైనున్న మంచులోంచి దిగుతుందని వాళ్ళకు తెలుసు. పురాణంలో గంగ మేరువు మీద పడి నాలుగు పాయలుగా చీలుతుంది, అది వేరే మాట. పుణ్యం కోసం గంగోత్రికి నడిచినవాడు పురాణాన్ని గుండెలో పెట్టుకున్నాడు, దారిని కాళ్ళతో తెలుసుకున్నాడు. వాళ్ళ మాట పారిస్‌కు, లండన్‌కు చేరే దారి లేకపోయింది. చేరినా అది గాథల లెక్కలో పోయి ఉండేది.

పటాల లెక్క తప్పిందని గట్టిగా పట్టుకున్నవాడు సంస్కృతం చదివిన హెన్రీ థామస్ కోల్‌బ్రూక్. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ అధ్యక్షుడు. లామాల పటం పడమటి భాగం వినికిడి మీద గీసిందని, దాని మీద ఇంత బరువు మోపకూడదని అతని వాదం. అతని దాయాది రాబర్ట్ కోల్‌బ్రూక్ అప్పుడు బెంగాల్ సర్వేయరు జనరల్. గంగ పుట్టుకకు తానే వెళ్ళాలని అనుమతి తెచ్చుకున్నాడుగానీ జబ్బుపడ్డాడు. ఆ ఏడే, 1808లో, చనిపోయాడు. అతని బదులు లెఫ్టినెంట్ విలియం వెబ్, కెప్టెన్ రేపర్, హియర్సీ వెళ్ళారు.

రేపర్ రాసిన యాత్రాకథనం 1810లో ఏషియాటిక్ రిసెర్చెస్ 11వ సంపుటిలో వచ్చింది. హరిద్వారంలో కుంభమేళా జరుగుతున్న రోజుల్లో వాళ్ళు బయల్దేరారు. గఢ్వాల్ అప్పుడు గూర్ఖాల ఏలుబడిలో ఉంది. 1803 భూకంపంలో కూలిన ఇళ్ళు బారాహాట్‌లో, అంటే ఇప్పటి ఉత్తరకాశిలో, ఐదేళ్ళయినా అట్లాగే పడి ఉన్నాయి. భట్వాడీ దాపుల దాకా వెళ్ళేసరికి దారి మనిషికే కష్టమయింది, సామాను మోసే కూలీలకు ఇక అసాధ్యమయింది. దొరలు అక్కడ ఆగిపోయారు.

ఆగనివాడు ఒకడున్నాడు. వాళ్ళ మున్షీ. అతనికి దిక్సూచి చేతికిచ్చి, చూడటం నేర్పి గంగోత్రికి పంపారు. అతను వెళ్ళాడు, చూశాడు, వచ్చి చెప్పాడు. గంగోత్రి దాటాక కూడా ఏరు మంచు కొండల్లోంచే వస్తోంది, కొండను తొలిచి అవతల నుంచి నీళ్ళను తెచ్చే గుహ ఏదీ లేదు అని అతని నివేదన సారం. యూరప్ పటాలలో 75 ఏళ్ళుగా పారుతున్న వందల మైళ్ళ నది ఆ నివేదనతో ఎండిపోయింది. హెన్రీ కోల్‌బ్రూక్ తన వ్యాసంలో గంగ హిమాలయానికి దక్షిణ ముఖాన పుడుతుందని తేల్చి రాశాడు. అందులో మున్షీ కాళ్ళ పాలు ఎంతో ఉంది. చదువుకున్నవాడు, నమ్మదగినవాడు అని అతన్ని గురించి చెప్పారు. చరిత్ర పుస్తకాలు అతన్ని మున్షీ అనే పిలుస్తాయి. ఈ సభలో కూర్చున్న చరిత్ర విద్యార్థులకు నాదొక విన్నపం. కంపెనీ కాలపు జమాఖర్చుల్లో, జీతాల పట్టీల్లో ఇలాంటి వాళ్ళ పేర్లు దొరికే అవకాశం ఉంటుంది. వెతకండి.

మిగిలిన అనుమానాన్ని అవతలి వైపు నుంచి తీర్చినవాడు విలియం మూర్‌క్రాఫ్ట్. వృత్తికి పశువైద్యుడు. కంపెనీ గుర్రాల పెంపకం చూసే ఉద్యోగి. 1812లో హియర్సీతో కలిసి గోసాయిల వేషంలో నీతి కనుమ దాటి మానససరోవరం చేరాడు. ఒడ్డున తిరిగి చూస్తే గంగకు పోయే ఏరు ఏదీ కనిపించలేదు. ఈ ప్రయాణంలో నాకు అమితంగా నచ్చిన మనిషి హర్ఖ్‌దేవ్ పండిత్. మూర్‌క్రాఫ్ట్ అతనికి అప్పగించిన పని ఇది: దారి పొడుగునా నాలుగడుగుల కొలతకు సరిపోయేలా అంగలు వేస్తూ నడవడం, లెక్క తప్పకుండా చెప్పడం. గొలుసు పరిచి కొలిస్తే వేషం బయటపడుతుంది. అందుకని ఒక మనిషి నడకే కొలబద్ద అయింది. గాలి పలచబడే ఎత్తులో, రాళ్ళ మీద, వాగుల్లో, కనుమల్లో అంగ తప్పకూడదు, లెక్క మరవకూడదు. ఇక్కడ అదృష్టవశాత్తు ఆ పేరు మిగిలింది. తరువాతి కాలంలో నయన్ సింగ్ వంటి పండితులు అడుగుల లెక్కతో టిబెట్‌ను కొలిచిన సంగతి చాలామందికి తెలుసు. వాళ్ళకు అర్ధశతాబ్దం ముందే ఈ పని చేసినవాడు హర్ఖ్‌దేవ్.

జేమ్స్ బెయిలీ ఫ్రేజర్ గురించి క్లుప్తంగా చెబుతాను. గూర్ఖా యుద్ధం నడుస్తున్న 1815లో యమునోత్రి, గంగోత్రి రెండూ చూశాడు. గంగోత్రి చేరిన తొలి యూరోపియన్‌గా అతన్ని చెప్పుకుంటారు. 1820లో అతని యాత్రా గ్రంథమూ, హిమాలయ చిత్రాల సంపుటీ వెలువడ్డాయి. అతని చిత్రాల్లో గంగోత్రి గుడి ఎంతో చిన్నది, పక్కన దేవదారులు, వెనక గోడలా కొండ. గూర్ఖా సేనాని అమర్‌సింగ్ థాపా కట్టించిన గుడి అది. ఫ్రేజర్ కొలతల మనిషి కాదు. కానీ ఆ చోటు మనిషిని ఎంత చిన్నవాణ్ణి చేస్తుందో బొమ్మలో చూపించగలిగాడు. పటం ఆ పని చేయలేదు.

ఇక 1817. కెప్టెన్ జాన్ ఆంథొనీ హాడ్జ్‌సన్, లెఫ్టినెంట్ హెర్బర్ట్. హాడ్జ్‌సన్ దినచర్య ఏషియాటిక్ రిసెర్చెస్ 14వ సంపుటిలో ఉంది. భైరోంఘాటీలో జాడ్‌గంగ వచ్చి భాగీరథిలో కలిసే లోతైన ఇరుకు, దాని మీద దుంగలతో వేసిన వంతెన, గంగోత్రిలో గుడారాలు వేసుకున్న రాత్రి భూమి కంపించి కొండ మీది బండలు చీకట్లో దొర్లిపడుతున్న చప్పుడు, ఇవన్నీ అతను హంగు లేకుండా రాశాడు. చీర్ చెట్ల చీర్‌బాసా, భూర్జవృక్షాల భోజ్‌బాసా దాటి ఇవాళ యాత్రికులు నడిచే లోయ అదే. గంగోత్రి నుంచి 18 కిలోమీటర్ల పైచిలుకు.

మే 31న వాళ్ళు ఆ చోటికి వచ్చారు. ఎదురుగా నిలువు మంచుగోడ. వాగు మట్టం నుంచి పై అంచుకు 300 అడుగులు ఉంటుందని హాడ్జ్‌సన్ అంచనా. గోడ అడుగున చాలా తక్కువ ఎత్తులో ఒక కమాను. అందులోంచి నీరు వెలుగులోకి వస్తోంది. కమాను పై అంచున మంచు ఊడలు తెల్లగా వేలాడుతున్నాయి. గంగోత్రి నుంచి వెంట వచ్చిన ఒక బ్రాహ్మణుడు, కొండవాడు, చదువు రానివాడు, వాటిని చూసి ఇవి మహాదేవుడి జటలై ఉంటాయి అన్నాడు. శాస్త్రంలో గంగ అందులోంచి వస్తుందని ఉందట కదా అన్నాడు. ఆ ఊహ బాగుందని హాడ్జ్‌సన్ తన దినచర్యలోకి ఎక్కించాడు. ఆ బ్రాహ్మణుడే మరో మాట కూడా చెప్పాడు. తానెన్నడూ ఇక్కడికి రాలేదని, తనకు తెలిసి ఎవరూ వచ్చి ఎరగరని.

ఈ మాట నా వాదాన్ని ఒకచోట నిలవేస్తుంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. కొండవాళ్ళకు అంతా తెలుసు, దొరలు అడగలేదు అని అనేస్తే సులువుగా ఉంటుంది. కానీ గంగోత్రిలో ఉన్న మనిషికి గంగోత్రి చాలు. తీర్థం అక్కడ ఉంది, గుడి అక్కడ ఉంది. మంచు కమానుదాకా పోవాలన్న తహతహ కొలిచేవాడిది. అటు హాడ్జ్‌సన్‌కు కమాను కనిపించిందిగానీ జటలు కనిపించలేదు. ఒకరు చూసింది ఇంకొకరు చూడలేదు. ఇద్దరు చూసినవీ ఒకే పేజీలో ఉండటం వల్ల ఆ దినచర్యకు అంత విలువ వచ్చింది. పూర్వం హిందువులలో అన్వేషకులు ఇక్కడికి వచ్చే ఉంటారని, గోముఖం అన్న పేరు ఏ చోటికైనా తగుతుందంటే అది ఈ చోటికేనని కూడా హాడ్జ్‌సన్ రాశాడు.

నిజమైన గంగ తొలిసారి వెలుగు చూసే చోటు ఇదేనన్న నమ్మకంతో బ్యూగిల్ ఊదించి ఆ వాగుకు వందనం చేయించాడు. బారోమీటరుతో లెక్క కట్టి ఆ చోటు ఎత్తు సముద్ర మట్టానికి 12,914 అడుగులన్నాడు. పైనున్న శిఖరాలకు సెయింట్ జార్జ్, సెయింట్ ప్యాట్రిక్, సెయింట్ ఆండ్రూ, సెయింట్ డేవిడ్ అని తన దేశపు పేర్లు పెట్టాడు. ఆ పేర్లు నిలవలేదు. ఇవాళ ఆ లోయలో నిలబడ్డవాళ్ళు శివలింగ్ అంటారు, భాగీరథి శిఖరాలు అంటారు. వాగు వెడల్పు మాత్రం 27 అడుగులుగా నిలిచిపోయింది.

తెలుగువాళ్ళకు ఈ కథతో ఉన్న చుట్టరికం చెప్పకుండా ముందుకు పోలేను. హాడ్జ్‌సన్ గోముఖం దగ్గర నిలబడ్డ ఆ ఏడు భారతదేశపు సర్వేయరు జనరల్ ఎవరో కాదు, కాలిన్ మెకంజీ. మన కైఫీయతుల మెకంజీ. ఆ ఏడే మద్రాసు వదిలి కలకత్తాకు మకాం మార్చాడు. వెంట ఏలూరుకు చెందిన కావలి సోదరులలో లక్ష్మయ్య వెళ్ళాడు. 1821లో మెకంజీ పోయాక ఆ పదవిలోకి వచ్చినవాడు ఈ హాడ్జ్‌సనే. మెకంజీకి ఆ కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య ఎంత అవసరమయ్యారో, ఊరూరా తిరిగి కరణాల దగ్గర కవిలెలు చూసి రాసుకొచ్చిన వాళ్ళు లేకపోతే ఆ సేకరణ ఏమయ్యేదో మనకు బాగా తెలుసు. వెబ్‌కు ఆ మున్షీ, మూర్‌క్రాఫ్ట్‌కు హర్ఖ్‌దేవ్ అట్లాంటివాళ్ళే. కావలి సోదరుల పేర్లు మనం మరచిపోలేదు. అది మన పరిశోధకుల పుణ్యం.

ఇంకొక బంధువు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు రాసిన జాబులు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఆయన గంగోత్రికి పోలేదు. మైదానపు గంగనే చూశాడు. కానీ ఏ మజిలీలో నీళ్ళు ఎట్లా ఉన్నాయి, ఏ నదిని ఎట్లా దాటాలి, ఎక్కడ బస దొరుకుతుంది, సరుకుల ధరలేమిటి అని ఆయన పెట్టిన శ్రద్ధ ఏ సర్వే అధికారికీ తీసిపోదు. హాడ్జ్‌సన్ గోముఖం చూసిన 13 ఏళ్ళకు అదే నది దిగువన ఒక తెలుగు మనిషి అంత వివరంగా లోకాన్ని రాసుకుంటున్నాడు. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నదికి తలా, నడుమూ రెండూ దొరుకుతాయి.

అలకనందే పెద్దది కదా, దాన్నెందుకు గంగ తల అనరు అని కొందరు అడుగుతారు. నీటి లెక్కకు వాళ్ళ మాట నిజం. దేవప్రయాగ దగ్గర అలకనందే వెడల్పని రేపర్ కూడా గమనించాడు. నది తల ఏదన్నది నీటి లెక్కతోనే తేలదు. జనం ఏ పాయ వెంట నడిచి మొక్కారన్నది కూడా అందులో ఉంటుంది. ఈ తగాదాను నేను అంతకంటే సాగదీయను.

హాడ్జ్‌సన్ ఆ గోడను మంచుదిబ్బ అనే రాశాడు. అది దాదాపు 30 కిలోమీటర్ల పొడవున లోయలో మెల్లగా కదిలే మంచునది కొస. హిమానీనదాల శాస్త్రం అప్పటికి పసిది. అగస్సీ గ్రంథం 1840లో గానీ రాలేదు. ఆ కొస ఎక్కడుందో 1935లో భారత భూగర్భ సర్వే తరఫున జాన్ బిక్నెల్ ఆడెన్ జాగ్రత్తగా పటం గీశాడు. అప్పటి నుంచి 20వ శతాబ్దం చివరికి అది కిలోమీటరుకు పైగా వెనక్కి జరిగింది. అంటే హాడ్జ్‌సన్ బ్యూగిల్ ఊదించిన చోట ఇవాళ మంచుగోడ లేదు. అక్కడ బోసి రాళ్ళున్నాయి, వాటి మధ్య వాగు ఉంది.

కనుక 27 అడుగులు, 12,914 అడుగులు, 300 అడుగుల గోడ అన్న అంకెలు ఇప్పుడు పాత సంగతులుగా పక్కన పెట్టదగినవి కావు. వాగు తల ఏ కాలంలో ఎక్కడ ఉండిందో చెప్పే సాక్ష్యాలవి. ఫ్రేజర్ బొమ్మలు, రేపర్ రాసిన దారి వివరాలు కూడా అంతే. ఆంద్రాదె చెప్పిన ఏటి మీది మంచు వంతెనల్ని సైతం ఏ నెలలో, ఏ ఎత్తులో చూశాడో ఓపికగా పోల్చి చదవాలి. ఈ పని భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒక్కడివల్లా కాదు, భాషలు తెలిసినవాడు ఒక్కడివల్లా కాదు.

ఈ ధర్మనిధి నిర్వాహకులను ఒకటి కోరి ముగిస్తాను. రేపర్, మూర్‌క్రాఫ్ట్, హాడ్జ్‌సన్ కథనాలు మూడూ, వాటి పటాలతో సహా, తెలుగులో ఒకే సంపుటిగా తెప్పించండి. ఏటా మన రెండు రాష్ట్రాల నుంచి ఎందరో చార్‌ధామ్ యాత్రకు వెళ్తున్నారు, గంగోత్రి గుడి ముందు నిలబడుతున్నారు. వాళ్ళ చేతిలో ఆ పుస్తకం ఉండాలి. చివర ఒక పేర్ల పట్టిక వేయించండి. అందులో కెప్టెన్ల పేర్లతో సమానమైన అక్షరాల్లో హర్ఖ్‌దేవ్ పేరు ఉండాలి. 1808లో గంగోత్రికి నడిచిన మున్షీకి ఒక పంక్తి ఖాళీగా ఉంచాలి, పేరు దొరికిన రోజున నింపడానికి.